ఫ్రిజ్ బాగానే ఉంది, కరెంటే చేరడం లేదు: ఎండ ఊళ్లో క్యాంపింగ్ బండి లెక్కలు

క్లుప్తంగా: బండిలో ఫ్రిజ్ మాటిమాటికీ ఆగిపోతుంటే తప్పు చాలాసార్లు ఫ్రిజ్‌ది కాదు, బ్యాటరీకీ ఫ్రిజ్‌కీ మధ్యనున్న సన్న వైరుది, లైటర్ సాకెట్‌ది. తిరుపతి ఎండల్లో కరెంటు వాడకం డబ్బా మీద రాసిన దానికి రెట్టింపు కావచ్చు. ఇంజిన్ బ్యాటరీ మీదే రాత్రంతా నడిపితే పొద్దున బండి కదలకపోవచ్చు. బిగింపులో గాలి ఆడే చోటు, బ్రేకు కొట్టినా జారని పట్టు రెండూ ఉండాలి.

తిరుపతి నుంచి తలకోనకో, హార్సిలీ హిల్స్‌కో, పులికాట్ ఒడ్డుకో రెండు మూడు రోజులకు బయల్దేరే బండ్లలో, ఒకప్పుడు ఐసు పెట్టె ఉండే చోట ఇప్పుడు 12 వోల్టుల ఫ్రిజ్ కనిపిస్తోంది. వెనక సీట్లు మడిచి పరుపు వేసుకున్న ఎస్‌యూవీ కావచ్చు, లోపల మంచాలు కట్టించుకున్న టెంపో ట్రావెలర్ కావచ్చు, కొన్నవాళ్ల ఫిర్యాదు మాత్రం దాదాపు ఒకటే. ఇంట్లో ప్లగ్గుకు పెడితే నీళ్లు గడ్డకట్టిస్తుంది. బండిలో పెడితే కాసేపు తిరిగి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. సాయంత్రానికి పెరుగు పులిసిపోతుంది. షాపులో ఇచ్చి వేరేది తెచ్చుకున్నా అదే కథ.

ఈ ఒక్క ఫిర్యాదులో మూడు సమస్యలు కలిసిపోయి ఉంటాయి: వేడి, వోల్టేజీ, బ్యాటరీలో నిల్వ. మూడింటికీ మందు వేరు. వేడి సమస్యకు పెద్ద బ్యాటరీ కొన్నా, వైరు సమస్యకు సోలార్ ప్యానెల్ పెట్టించినా డబ్బు పోతుందే తప్ప పెరుగు నిలవదు.

25 డిగ్రీల లెక్క, 42 డిగ్రీల ఊరు

ఫ్రిజ్ చలిని తయారుచేయదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. బోరులో నీళ్లు లోతుకు పోయే కొద్దీ మోటారు మీద భారం పెరిగినట్టే, బయటి వేడి పెరిగే కొద్దీ కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. అది చాలదన్నట్టు తోడిన వేడిలో కొంత గోడల గుండా మళ్లీ లోపలికి వస్తుంటుంది.

ఆ వచ్చే వేడి లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లోపల 4 డిగ్రీలు, బయట 25 అయితే తేడా 21. రోజుకు ఇంత కరెంటు అని డబ్బా మీద రాసే అంకెలు చాలావరకు ఇలాంటి చల్లని లెక్కలే. మే నెల తిరుపతిలో 42 డిగ్రీలున్నప్పుడు తేడా 38. అద్దాలు ఎత్తి ఎండలో నిలిపిన బండి లోపల 55 దాకా వెళ్తే తేడా 51. అంటే గోడల గుండా వచ్చే వేడి మొదటి లెక్కకు దాదాపు రెండున్నర రెట్లు. తోడే పని కష్టమయ్యే కొద్దీ కంప్రెసర్ సామర్థ్యం కూడా తగ్గుతుంది కాబట్టి కరెంటు ఇంకా ఎక్కువే అడుగుతుంది.

దీన్ని ఏహెచ్‌లలోకి మారిస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది (ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్: గంటసేపు ఒక యాంప్ లాగితే ఒక ఏహెచ్). 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు 45 నుంచి 60 వాట్లు, అంటే 4 నుంచి 5 యాంప్‌లు లాగుతుంది. చల్లని చోట రోజులో మూడో వంతు సేపు కూడా తిరగకుండానే సరిపెట్టుకునే ఫ్రిజ్, మండే ఎండలో దాదాపు సగం రోజు తిరుగుతుంది. రోజుకు 20, 25 ఏహెచ్‌తో అయ్యే పని 45 నుంచి 50 ఏహెచ్‌కు చేరుతుంది. ఇకపై వచ్చే లెక్కలన్నిటికీ ఈ 45నే ఆధారంగా తీసుకోవచ్చు.

మొదటి రోజు ఖర్చు ఇంకా ఎక్కువ. 35 డిగ్రీల్లో ఉన్న 10 లీటర్ల నీళ్ల సీసాలను 5 డిగ్రీలకు దించాలంటే దాదాపు 350 వాట్-అవర్ల (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్) వేడిని తోడిపోయాలి. ఒక యూనిట్ కరెంటుతో యూనిట్టున్నర వేడిని తోడుతుందనుకున్నా 230 వాట్-అవర్లు, అంటే 12 వోల్టులతో భాగిస్తే 19 ఏహెచ్ ఈ సీసాలకే పోతుంది. అదే పని ముందురోజు రాత్రి ఇంటి కరెంటు మీద చేసుకుంటే బ్యాటరీ మీద పైసా భారం ఉండదు. ఫ్రిజ్‌నూ, అందులో పెట్టే సామాన్లనూ ఇంట్లోనే చల్లబరచుకుని బయల్దేరడం కన్నా చౌకైన ఉపాయం ఇందులో మరొకటి లేదు.

ఫ్రిజ్ అని అమ్మేవన్నీ ఫ్రిజ్‌లు కావు

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు 'కార్ ఫ్రిజ్' పేరుతో దొరికే వాటిలో చాలావరకు పెల్టియర్ రకం. కంప్రెసర్ ఉండదు, ఒక చిన్న పలక, ఫ్యాను ఉంటాయి. బయటి వేడి కన్నా 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించడమే దీని శక్తి. ఊటీలో అది చాలు. తిరుపతిలో 42లోంచి 20 తీసేస్తే 22 డిగ్రీలు మిగులుతాయి, ఆ వేడిలో పాలు నిలవవు. పైగా చాలా మోడళ్లు ఆగకుండా తిరుగుతూ 4 యాంప్‌ల పైనే లాగుతాయి కాబట్టి రోజుకు 100 ఏహెచ్ దాకా మింగుతాయి. చల్లదనం తక్కువ, ఖర్చు రెట్టింపు. ధర ఒక్కటే దీనికి అనుకూలం.

గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే అబ్సార్ప్షన్ రకం విదేశీ క్యారవాన్లలో ఎక్కువ. లోపల అమ్మోనియా ద్రవం గురుత్వాకర్షణ మీదే ప్రవహిస్తుంది కాబట్టి బండి దాదాపు సమంగా నిలబడి ఉండాలి. ఘాట్ రోడ్లకూ, వాలు నేలలకూ ఇది పనికొచ్చేది కాదు. ఎంచుకోవలసింది కంప్రెసర్ రకమే. చాలావరకు ఇవి 30 డిగ్రీల వంపు దాకా తట్టుకుంటాయి.

ఇక్కడ పాత ఐసు పెట్టెను తీసిపారేయకూడదు. కిలో ఐసు కరిగేటప్పుడు దాదాపు 93 వాట్-అవర్ల వేడిని పీల్చుకుంటుంది. పది కిలోల దిమ్మ అంటే 930. వేడి రోజున 40 లీటర్ల ఫ్రిజ్ ఒక రోజంతా చేసే పనికి ఇది దాదాపు సమానం. ఒక్క రాత్రి ప్రయాణానికి ఐసు ఫ్యాక్టరీ దిమ్మ, మందమైన పెట్టె ఉంటే చాలు. బ్యాటరీ, వైరింగు, చార్జర్ అన్నీ కలిపి పెట్టే ఖర్చు రెండు మూడు రాత్రులు బయట గడిపేవాళ్లకూ, ఇన్సులిన్ లాంటి మందులు వెంట తీసుకెళ్లేవాళ్లకూ మాత్రమే గిట్టుబాటు.

వైరులో కరిగిపోయే వోల్టులు

అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. ఇంటి కరెంటు 230 వోల్టులు, అందులో అర వోల్టు దారిలో పోయినా ఎవరికీ తెలియదు. బండిలో ఉన్నవి 12 వోల్టులే. నిండిన లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.6 దగ్గర, సగం ఖాళీ అయినది 12.1, 12.2 దగ్గర ఉంటుంది. నిండుకూ సగానికీ మధ్య తేడానే అర వోల్టు. దారిలో అర వోల్టు పోతే సగం బ్యాటరీ పోయినట్టే ఫ్రిజ్‌కు కనిపిస్తుంది.

బానెట్ కింది బ్యాటరీ నుంచి డిక్కీలోని ఫ్రిజ్ దాకా వైరు 5 మీటర్లు అనుకుంటే, కరెంటు వెళ్లడానికి 5, తిరిగి రావడానికి 5, మొత్తం 10 మీటర్ల రాగి. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే 5 యాంప్‌ల దగ్గర దాదాపు 0.58 వోల్టులు వైరులోనే పోతాయి. 2.5 స్క్వేర్ అయితే 0.35, 4 స్క్వేర్ అయితే 0.22, 6 స్క్వేర్ అయితే 0.15. ఈ అంకెలు 20 డిగ్రీల దగ్గరివి. ఎండకు కాలిన బండి నేల కింద వైరు 60 డిగ్రీలకు చేరితే రాగి నిరోధం మరో 16 శాతం దాకా పెరుగుతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలు కన్నా ఎక్కువ కాబట్టి అప్పుడు పడే లోటు కూడా ఎక్కువే.

లైటర్ సాకెట్ దీనికి తోడవుతుంది. అందులో పిన్నును పట్టి ఉంచేది ఒక స్ప్రింగు మాత్రమే. గతుకుల్లో అది వదులై అతుకు దగ్గర 0.1 ఓమ్ నిరోధం చేరినా మరో అర వోల్టు పోతుంది. ఆ పోయిన శక్తి వేడిగా మారి ప్లగ్గు చేతికి కాలుతుంది. ప్లగ్గు వేడెక్కుతోందంటే చల్లదనం అక్కడే ఆగిపోతోందని లెక్క.

ఇప్పుడు ఫ్రిజ్ లోపల ఏం జరుగుతుందో చూడాలి. బండి బ్యాటరీ పూర్తిగా దిగిపోకుండా చాలా ఫ్రిజ్‌లలో హై, మీడియం, లో అని మూడు మెట్ల రక్షణ ఉంటుంది. హై మెట్టులో వోల్టేజీ సుమారు 11కు దిగగానే కంప్రెసర్ ఆగిపోతుంది. (కచ్చితమైన అంకె కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది.) బ్యాటరీ దగ్గర 12.1 ఉంది. వైరులో 0.6 పోయింది, సాకెట్‌లో 0.5 పోయింది. ఫ్రిజ్‌కు అందింది 11. బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఫ్రిజ్ ఆగిపోతుంది. ఆగగానే కరెంటు ప్రవాహం లేదు, కాబట్టి వైరులో లోటూ లేదు. ఫ్రిజ్‌కు మళ్లీ 12.1 కనిపిస్తుంది. హమ్మయ్య అనుకుని మళ్లీ మొదలవుతుంది, మళ్లీ 11 చూసి ఆగిపోతుంది. దుకాణంలో పరీక్షిస్తే ఏ లోపమూ దొరకని 'జబ్బు' ఇదే.

దీన్ని పట్టుకోవడానికి చిన్న మల్టీమీటర్ చాలు. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ కొనల దగ్గర ఒకసారి, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర ఒకసారి వోల్టేజీ చూడాలి. ఆగి ఉన్నప్పుడు చూస్తే రెండూ ఒకటే చూపిస్తాయి, అది మోసం. తేడా 0.3 లోపు ఉంటే వైరింగు బాగున్నట్టే. అర వోల్టు దాటితే కొత్త ఫ్రిజ్ కొనే ముందు కొత్త వైరు వేయాలి.

వైరు కొనేటప్పుడు రాగి పూత వేసిన అల్యూమినియం రకం తక్కువ ధరకు వస్తుంది. చూడటానికి రాగిలాగే ఉంటుంది, నిరోధం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. కొన గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. నెగెటివ్ వైరును దగ్గర్లోని బాడీకి బిగించి సరిపెట్టడం చాలాచోట్ల అలవాటు. పెయింటు మీద, తుప్పు మీద పడిన అతుకు మళ్లీ అదే నష్టం తెస్తుంది. రెండు వైర్లూ బ్యాటరీ దాకా తీసుకెళ్లడం మేలు, అయితే కొత్త బండ్లలో నెగెటివ్ కొన మీద బ్యాటరీ సెన్సర్ ఉంటే కంపెనీ చూపించిన ఎర్తింగ్ పాయింటుకే బిగించాలి. ఇనుప గోడలోంచి వైరు దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే వలయం) లేకపోతే కొన్నాళ్లకు ఇన్సులేషన్ కోసుకుపోతుంది.

ఫ్యూజ్ విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఫ్యూజ్ ఫ్రిజ్‌ను కాపాడటానికే అనుకుని దాన్ని ఫ్రిజ్ పక్కన పెడతారు. అది కాపాడేది వైరును. బ్యాటరీ దగ్గర షార్ట్ అయితే 5 మీటర్ల అవతలి ఫ్యూజ్‌కు ఆ సంగతే తెలియదు, వైరు అంటుకుంటుంది. 4 స్క్వేర్ వైరుకు 15 యాంప్‌ల ఫ్యూజ్, బ్యాటరీ కొన నుంచి జానెడు దూరంలోనే ఉండాలి.

క్యూలో మనిషి, పార్కింగులో ఫ్రిజ్

తిరుమల ప్రయాణం ఈ లెక్కకు మంచి ఉదాహరణ. అలిపిరి నుంచి కొండ మీదికి పట్టేది సుమారు అరగంట. అంతసేపట్లో బ్యాటరీలోకి చేరేది మహా అయితే 10 ఏహెచ్. తర్వాత బండి పార్కింగులో, కుటుంబం క్యూ కాంప్లెక్సులో. రద్దీ రోజుల్లో దర్శనమై తిరిగొచ్చేసరికి 15 గంటలు దాటడం వింతేమీ కాదు. ఫ్రిజ్ సగటున 2 యాంప్‌లు లాగినా ఆ 15 గంటల్లో 30 ఏహెచ్ పోతుంది. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ మొత్తమే 35 ఏహెచ్. తిరిగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ అందుకోదు.

బ్యాటరీ తయారీకి తిరుపతి కొత్త ఊరేమీ కాదు, పక్కనే కరకంబాడిలో అమర రాజా కర్మాగారం ఉంది. అయినా ఒక తేడా వాడకందారులకు అంతగా తెలియదు. ఇంజిన్ బ్యాటరీలో ప్లేట్లు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. కొన్ని క్షణాలు వందల యాంప్‌లు ఇచ్చి, వెంటనే మళ్లీ నిండిపోవడం దాని పని. నెమ్మదిగా అడుగుదాకా వాడితే పట్టుమని కొన్ని పదుల సార్లకే సత్తువ కోల్పోతుంది. పైగా లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆయువు 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. ఎండ ఊళ్లో అది ముందే అలసిపోయి ఉంటుంది.

రెండో బ్యాటరీ, దాన్ని నింపే దారి

ఫ్రిజ్‌కు విడిగా ఒక బ్యాటరీ పెట్టుకోవడమే దీనికి మార్గం. ఇంటి ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీని ఎక్కిస్తే సరిపోదా అనే ప్రశ్న సహజం. అది 50 కిలోల పైబడి బరువు, మలుపుల్లో యాసిడ్ తొణుకుతుంది, చార్జింగులో హైడ్రోజన్ విడుదల చేస్తుంది. మనుషులు పడుకునే బండి లోపల దానికి చోటు లేదు. ఐరన్ ఫాస్ఫేట్ రకం లిథియం బ్యాటరీ 100 ఏహెచ్‌ది 11, 12 కిలోలే ఉంటుంది. అందులో 80 నుంచి 90 ఏహెచ్ వాడుకోవచ్చు, లెడ్-యాసిడ్‌లో 50కి మించి వాడకూడదు. 45 ఏహెచ్ ఫ్రిజ్‌కు లిథియం రెండు రోజులు నిలుస్తుంది, లెడ్-యాసిడ్ ఒక రోజుకే బొటాబొటి. అయితే లిథియం బ్యాటరీ చార్జింగుకు చాలా కంపెనీలు పెట్టే హద్దు 45 డిగ్రీల చుట్టుపక్కలే. దాన్ని బానెట్ కింద, ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకూడదు. ఫ్రిజ్ వేడి గాలి వదిలే వైపు అసలే వద్దు.

దాన్ని నింపేదెలా? పాత బండ్లలో ఒక రిలే (తానే కలిపి విడదీసే స్విచ్చు) పెట్టి, ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు కలిపితే సరిపోయేది. దేశమంతా బీఎస్6 కాలుష్య నిబంధన వచ్చింది 2020 ఏప్రిల్ 1 నుంచి. ఈ తరం బండ్లలో చాలావాటికి ఇంధనం ఆదా చేయడానికి ఆల్టర్నేటర్ వోల్టేజీని తానే పెంచుకుని, తగ్గించుకునే ఏర్పాటు ఉంది. ఇంజిన్ బ్యాటరీ నిండగానే అది వోల్టేజీ దించేస్తుంది, రెండో బ్యాటరీ ఆకలితో మిగిలిపోతుంది. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ ఉంటే తక్కువ వోల్టేజీని కూడా రెండో బ్యాటరీకి కావలసిన 14 పైచిలుకు వోల్టులకు పెంచి ఇస్తుంది, ఇంజిన్ ఆగగానే రెండు బ్యాటరీలనూ విడదీస్తుంది. 20 యాంప్‌ల చార్జర్‌తో మూడు గంటల హార్సిలీ హిల్స్ ప్రయాణంలో 60 ఏహెచ్ వస్తుంది, ఒక రోజు ఖర్చు తీరి కొంత మిగులుతుంది. గంటన్నర తలకోన దారిలో వచ్చేది 30 మాత్రమే.

ఆ లోటును సోలార్ పూడ్చాలి. 100 వాట్ల ప్యానెల్‌ను పైకప్పు మీద పడుకోబెడితే ఐదు గంటల గట్టి ఎండకు కాగితం మీద 500 వాట్-అవర్లు. నిజానికి ప్యానెల్ 65 డిగ్రీలకు కాలితే దాదాపు 15 శాతం ఉత్పత్తి పడిపోతుంది, దుమ్ము, వైరు, చార్జింగు నష్టాలు పోగా 350 నుంచి 400, అంటే సుమారు 30 ఏహెచ్ చేరుతుంది. ఫ్రిజ్ ఒక్కదానికే 150 నుంచి 200 వాట్ల ప్యానెల్ కావాలి.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. బండిని చెట్టు నీడన పెడితే ప్యానెల్ నిద్రపోతుంది, ఎండలో పెడితే ఫ్రిజ్ ఆయాసపడుతుంది. మడిచే ప్యానెల్‌ను పొడవైన వైరుతో ఎండలోకి లాగి, బండిని నీడలో ఉంచడమే ఈ ప్రాంతానికి కుదిరే పద్ధతి. ప్యానెల్ వైపు వోల్టేజీ 18 దాకా ఉంటుంది కాబట్టి, ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే చార్జ్ కంట్రోలర్‌ను బ్యాటరీ దగ్గర ఉంచితే అక్కడ పొడవు వైరు నష్టం అంతగా బాధించదు. ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టులు చేసి, మళ్లీ ఫ్రిజ్ అడాప్టర్‌తో 12కు దించే పద్ధతి మాత్రం శుద్ధ దండగ. రెండు మార్పిడుల్లోనూ కరెంటు పోతుంది, ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా ఇన్వర్టర్ తన వంతు తింటూనే ఉంటుంది.

బిగింపు: పట్టు, గాలి

ఖాళీ ఫ్రిజ్ 12 నుంచి 15 కిలోలు, నింపితే 40 కిలోలకు దగ్గర. గట్టిగా బ్రేకు వేస్తే అది 30 కిలోలకు పైగా బలంతో ముందుకు తోస్తుంది. ఢీకొన్నప్పుడు క్షణకాలం 20 రెట్ల బలం పుట్టొచ్చు, అప్పుడు అది 800 కిలోలు, ఒక చిన్న కారు బరువంత. సాగే రబ్బరు తాళ్లు, చీర ముడులు అక్కడ ఏ మూలకూ రావు. డిక్కీ నేలలో కంపెనీ ఇచ్చిన ఇనుప కొక్కేలకు రాచెట్ బెల్టులు (మీటతో బిగించేవి) రెండు అడ్డంగా వేయడం తక్కువ ఖర్చులో అయ్యే నమ్మకమైన పద్ధతి. బెల్టు ఫ్రిజ్ చుట్టూ పోవాలి గానీ ప్లాస్టిక్ పిడికి కట్టకూడదు.

బయటికి లాగే స్లైడ్ ట్రే వేయించుకుంటే నేలకు బోల్టులు పడతాయి. పలుచని రేకుకు ఉత్త నట్టు బిగిస్తే గట్టి కుదుపుకు రేకుతో సహా ఊడొస్తుంది, కింద వెడల్పాటి ఇనుప పలక ఉండాలి. రంధ్రం వేసే ముందు బండి కిందికి దూరి చూడటం తప్పనిసరి, ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు అక్కడే ఉంటాయి. ట్రేకు మూసినప్పుడూ తెరిచినప్పుడూ రెండు చోట్లా లాక్ పడాలి. ఘాట్ మలుపుల్లో పక్కకు తోసే బలం తక్కువేమీ కాదు.

గాలి సంగతి ఇంకా ఎక్కువ మంది మరిచిపోతారు. తోడిన వేడి, కంప్రెసర్ మోటారు వేడి రెండూ జాలీ లోంచి బయటికి రావాలి. జాలీ ఎదుట కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే అదే వేడి గాలిని మళ్లీ పీల్చుకుంటుంది. పరుపు కింద అందంగా చెక్క పెట్టెలో ఫ్రిజ్‌ను ఇమిడ్చిన బండ్లలో ఇదే గొడవ. కింద గాలి వచ్చే దారి, పైన పోయే దారి రెండూ తీయకుండా పెట్టె చేయించడం దుప్పటి కప్పుకుని పరుగెత్తడం లాంటిది.

ఆర్‌సీ, అలిపిరి

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. బెల్టులతో కట్టి, ఎప్పుడంటే అప్పుడు దించేసే ఫ్రిజ్‌తో ఆ వివరాలేవీ మారవు. చోటు కోసం వెనక సీట్ల వరసను శాశ్వతంగా పీకేస్తే మాత్రం సీట్ల సంఖ్య మారుతుంది, అది ఆర్టీఓ అనుమతి తీసుకోవలసిన వ్యవహారం. వారంటీ ఉన్న బండిలో ఫ్యాక్టరీ వైరింగును కోసి అతికించకుండా బ్యాటరీ నుంచి విడి లైను తీసుకోవడం రెండు విధాలా క్షేమం.

తిరుమలకు వెళ్లే బండికి అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర మరో పరీక్ష ఉంటుంది. మాంసం, మద్యం, పొగాకు కొండ మీదికి అనుమతించరు, ప్లాస్టిక్ నీళ్ల సీసాలపైనా కొండ మీద నిషేధం ఉంది. సామానుతో పాటు ఫ్రిజ్ మూత కూడా తీసి చూపించాల్సి రావచ్చు. మూత పైకి తెరుచుకునే ఫ్రిజ్ మీద మూడు సూట్‌కేసులు, ఒక పరుపు పేర్చి బిగించిన బండి అయితే, అవన్నీ దించే పని వెనక బండ్ల హారన్ల మధ్య చేయాల్సి ఉంటుంది.